పాలు పడని పిల్లల పార్టీకి దారి చూపిన అందరికీ కృతజ్ఞతలు

పాల అలర్జీ ఉన్న పిల్లలు వచ్చే పార్టీలో ఏం పెట్టాలని అడగ్గానే కొలతలు, లేబుల్ ఫొటోలు, "ఇది మాత్రం కొనకండి" అన్న హెచ్చరికలు పంపిన ప్రతి ఒక్కరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. రేపు ఇదే వెతుక్కునే అమ్మానాన్నలకు అక్కరకొస్తాయని వాటన్నిటినీ ఒక్కచోట రాస్తున్నాం.

ముందుగా, "అలర్జీయా, లాక్టోజ్ పడకపోవడమా?" అని అడిగినవారికి. మిగతా నిర్ణయాలన్నీ ఈ ప్రశ్న మీదే ఆధారపడతాయి. లాక్టోజ్ పడనివారికి అరగనిది పాలలోని చక్కెర. అలర్జీ ఉన్నవారికి ప్రమాదం పాలలోని ప్రొటీన్‌తో, అంటే కేసీన్, వే (whey) అనే ప్రొటీన్లతో. కొందరికి చెంచాకు అంటిన కాస్త కూడా చాలు. లాక్టోజ్ ఫ్రీ పాలలో చక్కెర మాత్రమే విరుగుతుంది, ప్రొటీన్ అలాగే ఉంటుంది. అందుకని అలర్జీ ఉన్న పిల్లలకు అవి పనికిరావు. మేకపాలు, గేదెపాల ప్రొటీన్లు కూడా ఆవుపాల వాటికి చాలా దగ్గరివే, కాబట్టి అవీ వద్దు. నెయ్యిలో సైతం కొద్దిగా ప్రొటీన్ మిగిలే ఉంటుంది.

లేబుళ్ళ మీద పాలు ఏయే పేర్లతో దాక్కుంటాయో రాసి పంపినవారి జాబితా ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఉంది: వే పౌడర్, కేసీన్, సోడియం కేసినేట్, మిల్క్ సాలిడ్స్, బటర్‌మిల్క్ పౌడర్, లాక్టాల్బుమిన్. నాన్ డెయిరీ అని రాసి ఉన్న క్రీమర్ పొడుల్లో కూడా సోడియం కేసినేట్ ఉండొచ్చు. కోకో బటర్, క్రీమ్ ఆఫ్ టార్టార్ పేర్లు చూసి మాత్రం భయపడనక్కర్లేదు, వాటిలో పాలు లేవు. వీగన్ అని ఉంటే పాలు కలపలేదని అర్థం, అంతే. అదే యంత్రం మీద పాల చాక్లెట్ కూడా తయారై ఉండొచ్చు. డార్క్ చాక్లెట్‌లో ఇది మరీ ఎక్కువ. "పాలు ఉండే అవకాశం ఉంది" అన్న చిన్న అక్షరాల లైను కనిపిస్తే అలర్జీ పిల్లలకు ఆ ప్యాకెట్ వద్దే వద్దు. కిందటిసారి చూశాం కదా అని వదిలేయకండి. కంపెనీలు దినుసులు మారుస్తుంటాయి, కొన్న ప్రతిసారీ చదవాలి.

చిరుతిళ్ళలో పెద్ద చిక్కు చిప్సే. ఉప్పు చిప్స్‌లో మామూలుగా బంగాళాదుంప, నూనె, ఉప్పు ఉంటాయి. మసాలా, బార్బెక్యూ రుచులకు వచ్చేసరికి చీజ్ ఊసే లేకున్నా వే పౌడర్ వచ్చి చేరుతుంది. పాప్‌కార్న్ ఇంట్లోనే నూనెలో వేయించుకోండి. అయితే అయిదేళ్ళలోపు వాళ్ళకు పాప్‌కార్న్ పెట్టొద్దు, గొంతుకు అడ్డుపడుతుంది. ద్రాక్షపళ్ళను కూడా వాళ్ళకు నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి. బ్రెడ్, బన్ను, సాసేజ్‌లలో పాలపొడి ఉందేమో చూడాలి.

కేకు కొలతలు పంపినవారికి ఎన్నిసార్లు ధన్యవాదాలు చెప్పినా తక్కువే. పాలు, వెన్న, గుడ్డు ఏవీ లేని చాక్లెట్ కేకు ఇది. ఒకటిన్నర కప్పుల మైదా, కప్పు పంచదార, 3 టేబుల్‌స్పూన్ల కోకో, టీస్పూన్ వంటసోడా, అర టీస్పూన్ ఉప్పు కలిపి జల్లించాలి. వాడాల్సింది తియ్యదనం లేని కోకో. డ్రింకింగ్ చాక్లెట్ పొడి వద్దు, చాలావాటిలో పాలపొడి ఉంటుంది. వేరే గిన్నెలో కప్పు నీళ్ళు, మూడోవంతు కప్పు వాసన లేని నూనె, టేబుల్‌స్పూన్ వెనిగర్, టీస్పూన్ వెనిలా కలుపుకోవాలి. ఓవెన్ 180 డిగ్రీలకు వేడెక్కి, 8 అంగుళాల చదరపు పాన్‌కు నూనె రాసి సిద్ధంగా ఉన్నాకే తడి, పొడి కలపాలి. ఎందుకంటే వెనిగర్ తగలగానే సోడా పొంగడం మొదలవుతుంది, పిండి మీద సన్నటి బుడగలు కనిపిస్తాయి. ఆ గ్యాసే కేకును లేపుతుంది. పది నిమిషాలు పక్కన పెడితే సగం పోయి, కేకు మధ్యలో కుంగుతుంది. పొడి కనిపించనంతవరకే తిప్పండి. ఇంకా తిప్పితే మైదా జిగురు సాగి కేకు రబ్బరులా తయారవుతుంది. 30 నుంచి 35 నిమిషాల్లో కాలుతుంది.

పైన క్రీముకు 115 గ్రాముల మార్జరీన్‌కు (వెన్నకు బదులు వాడే, నూనెతో చేసిన ముద్ద) 230 గ్రాముల పంచదార పొడి. డబ్బాలో వచ్చే మెత్తటి రకంలో నీరెక్కువ కాబట్టి క్రీము జారిపోతుంది. గట్టి కడ్డీ రకమే తీసుకోండి, అందులో వే లేదని చూసుకోండి. కేకు పూర్తిగా చల్లారాకే రాయాలి.

ఐస్‌క్రీమ్‌కు బదులు అరటిపండు అన్నవారి సలహా పిల్లలందరికీ నచ్చింది. మచ్చలు పడ్డ పండును బిళ్ళలుగా కోసి, ఒకదానికొకటి అంటకుండా పరిచి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, మిక్సీలో తిప్పాలి. మొదట బ్రెడ్ పొడిలా విడివిడిగా ఉంటుంది, తర్వాత ముద్దగా గిన్నెకు అంటుకుంటుంది. మధ్యమధ్య ఆపి గరిటెతో కిందికి దించుతూ ఉంటే ఒక్కసారిగా వెన్నలా నున్నగా మారుతుంది. ఓపిక లేక నీళ్ళు పోస్తే మాత్రం మంచు పలుకులు వస్తాయి. దానికంటే ముందు మిక్సీ మూత రబ్బరు తీసి సబ్బుతో కడగండి. పాత మిల్క్‌షేక్ మరకలు ఆ గాడిలోనే ఉండిపోతాయి. ఇది గుర్తుచేసినవారికి ప్రత్యేకంగా దండం.

వడ్డన దగ్గర రెండు అభిప్రాయాలు వచ్చాయి: అలర్జీ పిల్లలకు వేరే పళ్ళెం పెట్టడమా, మొత్తం బల్లనే పాలు లేకుండా చేయడమా అని. రెండోదే సరైనదని మా గట్టి నమ్మకం. పిల్లలు పళ్ళేలు మార్చుకుంటారు, చీజ్ అంటిన చేత్తోనే చిప్స్ గిన్నెలో చెయ్యి పెడతారు. పైగా అందరూ తినేదే తాము కూడా తింటున్నామన్నది ఆ పిల్లలకు చాలా పెద్ద సంగతి. బల్ల మొత్తం మార్చడం కుదరకపోతే పాలు ఉన్నవాటిని దూరంగా పెట్టి, ఆ పిల్లలకే ముందు వడ్డించండి, వాటికి వేరే గరిటెలు వాడండి. తిన్నాక అందరి చేతులూ సబ్బు నీళ్ళతో కడిగించండి. శానిటైజర్ క్రిములను చంపుతుందే తప్ప ప్రొటీన్‌ను తొలగించదు. పొరపాటున పాలు లోపలికి వెళ్తే దద్దుర్లు, పెదాల వాపు, వాంతి, దగ్గు, పిల్లికూతలు సాధారణంగా నిమిషాల్లో మొదలై రెండు గంటల లోపు బయటపడతాయి. తీవ్రమైన అలర్జీకి వాడే ఎడ్రినలిన్ ఇంజెక్షన్ డాక్టరు రాసి ఉంటే అది తాళం వేసిన బీరువాలో కాకుండా బల్ల పక్కనే ఉండాలి, వాడడం తెలిసిన పెద్దవాళ్ళు ఒకరు అక్కడే ఉండాలి.

చివరగా, కొన్న ప్రతి ప్యాకెట్ కవరూ పార్టీ అయ్యేదాకా ఒక డబ్బాలో దాచమన్నవారికి. పిల్లల వెంట వచ్చిన అమ్మానాన్నలు ఒకరి మాట మీద ఆధారపడకుండా, తామే తీసి చదువుకుని నిశ్చింతగా తినిపించగలిగారు.