తాళం వేయని తుపాకీకి పెద్దలే బాధ్యులు

సంపాదకుడు గారికి,

అమెరికాలో బడి కాల్పుల కేసుల్లో పిల్లవాడితో పాటు తల్లిదండ్రుల్నీ జైలుకు పంపడం అన్యాయమంటూ పోయిన వారం మీరు వేసిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. మా మనవలు అక్కడే బడికి వెళ్తున్నారు, అందుకే ఉండబట్టలేక రాస్తున్నాను.

కొడుకు చేసిన నేరానికి అమ్మానాన్నలకు శిక్షేమిటి అని వ్యాసకర్త ప్రశ్న. మిషిగన్ రాష్ట్రంలో జేమ్స్, జెన్నిఫర్ క్రంబ్లీ అనే దంపతులు ఏం చేశారో ఆయన మళ్లీ ఒకసారి చదవాలి. పదిహేనేళ్ల కుర్రాడి కోసం తండ్రి పిస్టల్ కొన్నాడు. నాలుగు రోజులకే, 2021 నవంబర్ 30న, వాడు ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో నలుగురు తోటి పిల్లల్ని చంపేశాడు. ఆ రోజు పొద్దున్నే వాడు లెక్కల కాగితం మీద తుపాకీ బొమ్మ గీసి, సాయం చేయమని రాసుకున్నాడు. అది చూసి బడివాళ్లు తల్లిదండ్రుల్ని పిలిపించారు కూడా. ఇంట్లో కొత్త పిస్టల్ ఉందన్న మాట ఇద్దరిలో ఒక్కరి నోటి నుంచీ రాలేదు, పిల్లాణ్ణి ఇంటికీ తీసుకెళ్లలేదు. బడివాళ్లయినా బ్యాగు తెరిచి చూశారా అంటే అదీ లేదు! 2024లో ఇద్దరికీ 10 నుంచి 15 ఏళ్ల జైలు పడింది. ఇందులో అన్యాయం ఎక్కడుంది?

అసలు అన్యాయం చట్టంలో ఉంది. పిస్టల్ అమ్మేటప్పుడు లైసెన్సున్న దుకాణదారు దాంతో పాటు తాళమో, భద్రంగా దాచే పెట్టో ఇచ్చి తీరాలని 2005లో దేశమంతటికీ చట్టం చేశారు. కొన్నవాడు ఆ తాళం వేసి తీరాలని మాత్రం అందులో లేదు. ఫ్లోరిడా 1989లోనే పిల్లలకు తుపాకీ అందకుండా చూడాల్సిన బాధ్యత పెద్దలదేనని చట్టం తెస్తే, మిషిగన్‌లో అలాంటిది అమల్లోకి వచ్చింది 2024 ఫిబ్రవరిలో, అంటే నలుగురు పోయిన రెండేళ్లకు. చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ లేదు. కొన్నిచోట్ల ఉన్నా, తుపాకీ పిల్లల చేతిలో పడ్డాకే కేసు.

కాల్పులు జరిగిన ప్రతిసారీ నాయకులు సంతాపం చెప్పి, జెండాలు అవనతం చేసి ఊరుకుంటారు. బడిలో కాల్పులు జరిగితే ఎలా దాక్కోవాలో నేర్పే డ్రిల్‌లో మా మనవరాలు ఒకటో తరగతిలోనే లైట్లు ఆర్పేసి, కిక్కురుమనకుండా గోడ మూలన కూర్చోవడం నేర్చుకుంది. ఆరేళ్ల పిల్లకి ఆ డ్రిల్ తప్పనిసరి, తుపాకీ కొన్న పెద్దమనిషికి తాళం వేయడం ఆయన ఇష్టం. ఎవరికీ సిగ్గనిపించదా?

ఇదంతా బడులకే పరిమితం కూడా కాదు. 2020 నుంచి ఆ దేశంలో 1 నుంచి 19 ఏళ్ల లోపు వాళ్ల చావులకు మొదటి కారణం తుపాకులే. అందులో ఆత్మహత్యలున్నాయి, ఆటల్లో పేలినవీ ఉన్నాయి. ఎక్కడ పెట్టానో మావాడికి తెలియదులే అనే తండ్రులకు చెబుతున్నాను, పిల్లలకు తెలియని చోటు ఏ ఇంట్లోనూ ఉండదు. తుపాకీలోంచి గుళ్లు తీసి వేరే పెట్టి, రెండిటికీ తాళాలు వేయడానికి ఎంతసేపు పడుతుంది? అక్కడి మన తెలుగువాళ్లలో తుపాకీ కొన్నవాళ్లకూ ఇదే మాట. మా కోడలైతే పిల్లల్ని ఎవరింటికి ఆడుకోవడానికి పంపాలన్నా తుపాకీ ఉందా, తాళం వేశారా అని ముందే అడుగుతుంది. మొహమాటపడదు.

ఈసారి రాసేటప్పుడు మీ వ్యాసకర్త ఆ నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు కోర్టులో ఏం చెప్పారో కూడా రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు