ఇంట్లో చూసుకునేవాళ్లకు రెండు గంటలు: మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) ఉన్న పెద్దవాళ్లను ఇంట్లోనే పెట్టుకుని చూసుకుంటున్న కుటుంబాలకు మన సంఘం తరఫున ఏదో ఒకటి చేద్దామని నిరుడు సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఆ 'ఏదో ఒకటి' ఏమిటో అప్పుడు కమిటీకి కూడా తెలీదు. పార్కు బెంచీలు, కార్తీక వనభోజనాలు, వాకింగ్ ట్రాక్ రిపేరు సంగతులు నోటీసు బోర్డులో ఉన్నాయి, అక్కడ చూసుకోండి. ఇక్కడ మాత్రం ఈ ఒక్క పని గురించే రాస్తున్నాను. ఈ ఏడాది ఎక్కువ తప్పులు చేసింది ఇందులోనే, ఎక్కువ నేర్చుకున్నదీ ఇందులోనే.

మొదటి తప్పు మీటింగు టైం. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. 2024 సెప్టెంబరు 21, ప్రపంచ అల్జీమర్స్ దినం, శనివారం పడింది. సాయంత్రం 6 గంటలకు కమ్యూనిటీ హాల్లో డాక్టరు గారి ఉపన్యాసం పెట్టాం. కుర్చీలు వేయించాం, సమోసాలు చెప్పాం, వాట్సాప్‌లో మూడుసార్లు గుర్తుచేశాం. నలభై మంది దాకా వచ్చారు. వాళ్లలో ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లమంతా 'మనకీ వస్తుందేమో' అన్న టెన్షన్‌తో వచ్చినవాళ్లం. మర్నాడు ఒక ఇంటికెళ్లి, ఎందుకు రాలేదమ్మా అని అడిగితే ఆ ఇంటి కోడలు నవ్వింది. "ఆరింటికి ఎలా వస్తామండీ? మా అత్తయ్యగారు పుట్టింటికి పోతానని మూట సర్దేది అప్పుడే కదా!"

పొద్దు వాలేసరికి ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి కంగారు, అనుమానం ఎక్కువవుతాయి. ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు కూడా తమది కాదనిపిస్తుంది. ఎప్పుడో మానేసిన ఉద్యోగానికో, ఎప్పుడో పోయిన అమ్మ దగ్గరికో బయల్దేరతారు. చూసుకునేవాళ్లకు రోజు మొత్తంలో ఊపిరాడని ఆ గంటలోనే, మనిషిని ఇంట్లో వదిలేసి మీటింగుకు రమ్మని పిలిచాం.

అక్టోబరు నుంచి మేమే ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాం. స్నానం, టిఫిను అయ్యాక పదకొండు గంటలప్పుడు. మన కాలనీ, వెనక రెండు వీధులు కలిపి ఇలాంటి ఇళ్లు పదకొండు తేలాయి. మొదట్లో నోరు విప్పింది మూడు ఇళ్లే. కొందరు దాన్ని పెద్దతనం చాదస్తం అనుకుని ఊరుకున్నారు. ఒక ఇంట్లో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు, అందుకని బయటపెట్టలేదు. పెద్దవాళ్లలో డిమెన్షియా మీద దేశవ్యాప్తంగా జరిగిన లాసీ-డాడ్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మనలాంటి రిటైరైనవాళ్ల కాలనీలో పదకొండు ఇళ్లంటే ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు.

మీకేం కావాలని ప్రతి ఇంట్లో అడిగాం. మందులంటారు, డబ్బంటారు అనుకున్నాం. ఒకావిడ కళ్లజోడు కాడ విరిగి నాలుగు నెలలైందట. దారంతో కట్టుకుని తిరుగుతున్నారు. కళ్లజోళ్ల షాపు మన మెయిన్ రోడ్డు మీదే ఉంది, నడిస్తే పది నిమిషాలు. "ఆయన్ని ఎవరి మీద వదిలి వెళ్లనండీ?" అన్నారు. ఇంకొకావిడ ఒక పూట తలుపేసుకుని పడుకోవాలన్నారు, అంతే. ఏ ఇంట్లో విన్నా చివరికి అదే మాట, కాస్త టైం.

అలా పుట్టిందే 'రెండు గంటలు'. మన సభ్యుల్లో తొమ్మిది మంది వంతులవారీగా వారానికొకసారి ఒక్కో ఇంట్లో రెండు గంటలు కూర్చుంటారు. ఆ టైంలో ఇంటివాళ్లు ఎక్కడికైనా వెళ్లొచ్చు, నిద్రపోవచ్చు. ఎక్కడికి వెళ్లారని మనం అడగం. సంరక్షకుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఐసపోర్ట్' అని ఒక శిక్షణ పుస్తకం తయారుచేసింది. దాన్ని దగ్గర పెట్టుకుని మూడు ఆదివారాలు నేర్చుకున్నాం. నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే కష్టమైంది 'నేనెవరో చెప్పుకోండి చూద్దాం' అని అడగకుండా ఉండటం. మనవాళ్లు పలకరింపు కింద ఆ ప్రశ్నే వేస్తారు, పాపం ఆ పెద్దాయనకేమో అది పరీక్ష. ఇప్పుడు గుమ్మంలోనే పేరు చెప్పేస్తున్నాం: "నేను మీ ఎదురింటి రావునండీ, కాఫీకి వచ్చాను."

స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైన ఒకాయన రాత్రి తొమ్మిది కాగానే సి-షిఫ్టుకు తయారవుతారు. ప్యాంటు వేసుకుంటారు, హెల్మెట్ వెతుకుతారు. కొడుకు మొదట్లో "రిటైరై పంతొమ్మిదేళ్లైంది నాన్నా" అని చెప్పేవాడు. రోజూ గొడవే, ఆయనకు బీపీ, వీడికి కన్నీళ్లు. ఆయన భార్య ఒకరోజు, "ఇందాకే ఫోనొచ్చిందండీ, షిఫ్టు మార్చారట, రేపు జనరల్‌కి రమ్మన్నారు" అన్నారు. ఆయన ప్యాంటు విప్పి లుంగీ కట్టుకుని పడుకున్నారు. ఇది అబద్ధం కాదా అని మా శిక్షణలో ఒక సభ్యుడు గట్టిగా వాదించాడు. వాదన ఇంకా తేలలేదు కానీ, ఇప్పుడు ఆ ఇంటికి మంగళవారాలు వెళ్తున్నది ఆ సభ్యుడే. షిఫ్టు మార్చారని ఆయనా చెబుతున్నాడు.

పనిలేక చేతులు ఊరుకోవు వాళ్లకి. ఒక కోడలు కందిపప్పు, పెసరపప్పు కలిపి చేటలో పోసి ఇస్తే అత్తగారు గంటన్నర వేరుచేస్తారు. సాయంత్రం మళ్లీ కలిపేస్తుంది. "ఎంత చేసినా తరగదేమే ఈ ఇంట్లో పని" అని ఆవిడ విసుక్కోవడం ఆ ఇంట్లో రోజూ వినిపించే అతి మామూలు మాట, నిజానికి అతి మంచి మాట.

చూసుకునేవాళ్లంటే అందరూ ఆడవాళ్లే అనుకోకండి. పదకొండు ఇళ్లలో రెండు చోట్ల భర్తలే చూసుకుంటున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల ఒకాయనకు వంట వచ్చు, బట్టలు ఉతకడం వచ్చు, భార్యకు జడ వేయడం మాత్రం రాదు. ఆవిడేమో జడ లేకుండా గుమ్మం దాటనంటారు, డాక్టరు దగ్గరికైనా సరే. పక్క ఫ్లాటులో తొమ్మిదో క్లాసు పిల్ల కుర్చీ వీపుకు మూడు రిబ్బన్లు కట్టి ఆయనకు నేర్పింది. వారం పట్టింది. ఇప్పటికీ కాస్త వదులుగానే వస్తుంది, ఆవిడకు అభ్యంతరం లేదు.

ఇక మా వల్ల జరిగిన పొరపాటు. జనవరిలో మన వలంటీరు ఒకరు కొరియర్ తీసుకోవడానికి గేటు తీసి, గడియ పెట్టడం మరిచారు. పెద్దాయన బయటకెళ్లిపోయారు. రెండున్నర గంటల తర్వాత సింహాచలం వెళ్లే బస్సుల స్టాపులో దొరికారు, చెప్పుల్లేకుండా. కూతురు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా సిగ్గేసింది. అప్పట్నుంచి ఒప్పుకున్న ప్రతి ఇంట్లో తలుపుకు పైభాగాన, కంటికి ఆనని ఎత్తులో గడియ వేయించాం. చొక్కా కాలరు లోపల, జాకెట్టు అంచున ఫోన్ నంబరు మిషన్‌తో కుట్టించాం. కాగితం జేబులో పెడితే ఉతుకులో పోతుంది. మనిషిని లోపల పెట్టి బయట తాళం వేసుకుని పోవడం మాత్రం వద్దని అందరికీ చెప్పాం. గ్యాసుకో కరెంటుకో ఏదైనా అయితే లోపలి మనిషి తలుపు తీసుకోలేరు.

డాక్టర్లతో మాట్లాడి తెలుసుకున్నవి రెండు మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. మతిమరుపు అనగానే డిమెన్షియా అని ముద్ర వేయొద్దు. బి12 లోపం, థైరాయిడ్, దిగులు జబ్బు వల్ల కూడా అలా ఉండొచ్చు, వాటికి వైద్యం ఉంది. రెండోది, నిన్నటిదాకా ఒకలా ఉన్న మనిషి రెండు రోజుల్లో ఒక్కసారిగా తికమకపడినా, మగతగా పడి ఉన్నా జబ్బు ముదిరిందని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షను, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఇలాంటి కారణం ఉండొచ్చు. మన ఇళ్లలో ఒకచోట అదే అయింది. ఇన్‌ఫెక్షనుకు మందు వాడాక వారానికి ఆవిడ మళ్లీ పప్పు వేరుచేస్తున్నారు.

డబ్బు సంగతి దగ్గర అందరం ఆలస్యంగా మేల్కొంటున్నాం. ఒక ఇంట్లో తండ్రి పెన్షన్ ఖాతా ఆయన ఒక్కరి పేరు మీదే ఉంది. సంతకం కలవడం మానేసింది. బ్యాంకు ఒప్పుకోదు, అక్కడా వాళ్ల నిబంధన వాళ్లది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున వ్యవహారాలు చూసే అధికారం ఇచ్చే పత్రం) ఉంది కదా అని కొడుకు ధీమాగా వెళ్లాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఇచ్చినవాళ్ల మతి స్థిమితం తప్పితే ఆ అధికారం కూడా అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత కోర్టుకెళ్లి సంరక్షకుడిగా నియమించమని అడగాల్సిందే. కాబట్టి జబ్బు తొలిదశలోనే, మనిషి తెలిసి సంతకం పెట్టగలిగినప్పుడే ఖాతాను జాయింటుగా మార్చుకోవడం, నామినీ, వీలునామా చూసుకోవడం మంచిది. అమ్మానాన్నల దగ్గర ఈ మాట ఎత్తడానికి నోరు రాదు, నిజమే. కావాలంటే మేం ఎత్తుతాం.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్‌కు నవంబరులో పరుగులు తప్పవు. వేలిముద్ర పడకపోతే ఫోన్లో ముఖం చూపించి కూడా చేయొచ్చు. నలుగురికి అలా చేసిపెట్టాం. 2024–25 ఆదాయపన్నుకు పాత విధానంలో ఉన్నవాళ్లు 80డీడీబీ సెక్షన్ చూసుకోండి, కొన్ని జబ్బుల వైద్యం ఖర్చుకు మినహాయింపు ఇచ్చేది అదే. ఆ జబ్బుల జాబితాలో డిమెన్షియా ఉంది. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉందని న్యూరాలజీ నిపుణుడు రాసిస్తే సీనియర్ సిటిజన్ వైద్యం ఖర్చులో లక్ష రూపాయల దాకా మినహాయింపు వస్తుంది. 70 దాటినవాళ్లకు 2024 అక్టోబరులో మొదలైన ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది. ఇంట్లో అటెండెంటుకు ఇచ్చే జీతానికి ఎవరూ పైసా ఇవ్వరు. అసలు బరువు అదే.

విదేశాల్లో ఉన్న పిల్లల గురించి రాయాలా వద్దా అని కమిటీలో చర్చ జరిగింది, రాస్తున్నాను. డిసెంబరులో వస్తారు. వచ్చిన రెండు రోజులూ అమ్మ హుషారుగా, చక్కగా మాట్లాడుతుంది. కొత్త మనుషుల ముందు కాసేపు అలా నిలదొక్కుకోవడం ఈ జబ్బులో మామూలే. "బాగానే ఉంది కదా వదినా, నువ్వే ఎక్కువ చేస్తున్నావ్" అని అనేస్తారు. అలా అన్నవాళ్లకు మా సలహా ఒక్కటే: జెట్‌ల్యాగ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి మొదటి వారం రాత్రి డ్యూటీ మీరు తీసుకోండి. ఇద్దరు తీసుకున్నారు. అందులో ఒకబ్బాయి తిరిగి వెళ్లాక నెలనెలా అటెండెంటు జీతం పంపుతున్నాడు.

చేయలేకపోయింది డే కేర్. హాలుంది, మనుషులున్నారు, కానీ బాత్రూముకు మూడు మెట్లు, రైలింగు లేదు. రెండు రోజులు నడిపి ఆపేశాం. ర్యాంపు లేకుండా మళ్లీ మొదలుపెట్టం.

లెక్కలు: విరాళాలు 84,000 రూపాయలు. రెండు వీల్‌చైర్లు, మూడు కమోడ్ కుర్చీలు, తలుపు గడియలు, బాత్రూము పట్టుకడ్డీలు, హోల్‌సేల్‌గా తెచ్చిన డైపర్లకు 69,350 ఖర్చయింది. 14,650 మిగిలింది. ఆడిటర్ సంతకం చేసిన కాపీ ఆఫీసులో ఉంది.

రాత్రిపూట మీకే భరించలేనట్టు అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. పెద్దవాళ్ల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567.

గురువారం, శనివారం సాయంత్రాలకు ఇంకా వలంటీర్లు దొరకలేదు. తొమ్మిది మందిలో ఇద్దరికి మోకాళ్ల ఆపరేషన్లు ఉన్నాయి, ఆ వంతులూ ఖాళీ అవుతున్నాయి. రాదలచినవాళ్లు ఆఫీసులో పేరివ్వండి. అలాగే రెండో వీల్‌చైర్ ఫిబ్రవరి నుంచి ఎవరింట్లో ఉందో రిజిస్టరులో లేదు. వాడుకుంటున్నవాళ్లు వాడుకోండి, కాకపోతే ఒక ఫోన్ చేసి చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి