మూడు నిమిషాల ముందు ఆగిన బండి

కొలోన్,
2016 జూన్ 26, ఆదివారం.

ప్రియమైన ప్రసాద్‌కు,

ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నందుకు ముందుగా నన్ను క్షమించాలి. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే ఆపేశాను. ఈసారి ఆపను, ఎందుకంటే వారం రోజులుగా ఒక విషయం నా గొంతులో అడ్డం పడి ఉంది, దాన్ని నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. ఫోను చేయవచ్చు కదా అంటావేమో. ఫోనులో నువ్వు మధ్యలో నవ్వుతావు, ఈ సంగతికి మధ్యలో నవ్వకూడదు.

మిగతా కబుర్లు గబగబా చెప్పేస్తాను. ఉద్యోగం మామూలే. సుజాత జర్మన్ భాషలో రెండో పరీక్ష గట్టెక్కింది. చిన్నది దేనికైనా "నైన్" అంటోంది, అంటే "వద్దు" అని. మా అమ్మ మాత్రం పిల్లకు తొమ్మిదో ఎక్కం వచ్చేసిందని వీధంతా చెప్పుకుంటోందట. మీ సచివాలయం వెలగపూడికి తరలుతోందని చదివాను, అక్కడ ఇల్లు దొరికిందో లేదో రాయి. పుష్కరాలకు రాలేను, నా సెలవులు అయిపోయాయి. అవి ఎక్కడ ఖర్చయ్యాయో చెప్పడానికే ఈ ఉత్తరం.

పోయిన శని, ఆదివారాలు నేను ఫ్రాన్స్‌లోని లే మాన్స్‌లో, 24 గంటల కార్ల పందెం దగ్గర ఉన్నాను. కాకినాడ హాస్టల్లో మన తలుపు వెనక 1991లో ఆ పందెం గెలిచిన మజ్దా కారు బొమ్మ అంటించి, దాని కింద నువ్వు బొగ్గుతో "లీ మ్యాన్స్" అని రాశావే, ఆ ఊరే. అక్కడివాళ్లు చివరి అక్షరాన్ని పలకరు, "ల మాన్" అంటారు. నీ మీద గౌరవంతో నేను మధ్యేమార్గంగా లే మాన్స్ అనే రాస్తున్నాను.

నేను ఎవరి వెంట వెళ్లానో చెప్పనక్కర లేదనుకుంటాను. టొయోటా రేసింగ్ జట్టు జపాన్‌ది అన్న మాటే గాని, దాని కార్ఖానా ఉన్నది ఇక్కడే, కొలోన్ శివారులోని మార్స్‌డోర్ఫ్‌లో. నేను ఫ్రెషెన్ వెళ్లే ట్రామెక్కినప్పుడల్లా ఆ పక్కనుంచే పోతాను. ఎనిమిదేళ్లు ఫార్ములా వన్ ఆడి ఒక్క రేసు కూడా గెలవని జట్టు అది. లే మాన్స్‌లో దాని జాతకం అంతకన్నా ఘోరం. 1994లో గెలుపు చేతికందే వేళకు గేర్ల దగ్గర ఏదో తెగింది. 1998లో పందెం చివర్లో బండి ఆగింది. 1999లో చివరి గంటలో డ్రైవరు కటయామా బండి టైరు పేలింది. ఆ సంగతి మనకు రెండు నెలల తర్వాత పాత పత్రికలో తెలిస్తే నువ్వు ఆ పూట మెస్‌కు రాలేదు, పెరుగు నేను తాగేశాను. 2014లో రాత్రంతా ముందున్న బండిలో తీగలు కాలిపోయాయి. ఈ చరిత్ర అంతా తెలిసి కూడా ఏడు వందల కిలోమీటర్లు కారు నడుపుకుంటూ వెళ్లినవాణ్ణి ఏమనాలో నువ్వే చెప్పు.

ఈ ఏడు వాళ్లు కొత్త బండి తెచ్చారు. పాత వి-8 ఇంజను తీసేసి రెండు టర్బోల 2.4 లీటర్ల వి-6 పెట్టారు, బ్రేకు వేసినప్పుడు పుట్టే శక్తిని దాచుకోవడానికి కెపాసిటర్ల బదులు లిథియం బ్యాటరీ అమర్చారు. బళ్లు రెండు. అయిదో నంబరులో డేవిడ్సన్, బ్యూమి, నకాజిమా. ఆరో నంబరులో సరాజాన్, కాన్వే, కోబయాషి. నేను అయిదు పట్టుకున్నాను. డేవిడ్సన్ 2012లో లే మాన్స్‌లోనే బండి గాలిలోకి లేచి వెన్నుపూసలు విరగ్గొట్టుకున్నాడు, అయినా తిరిగి అదే మలుపు దగ్గరికి వచ్చాడు. నకాజిమా తండ్రి కూడా ఫార్ములా వన్ నడిపినవాడే. ఇంతకన్నా కారణం ఏం కావాలి?

శనివారం మధ్యాహ్నం మూడింటికి వాన దంచికొట్టింది. 24 గంటల పందేన్ని సేఫ్టీ కారు వెనక, అంటే ముందుండి అందరినీ నెమ్మదిగా నడిపించే కారు వెనక, మొదలుపెట్టడం అక్కడి చరిత్రలో ఇదే మొదటిసారి. ముప్పావు గంటకు పైగా అరవై బళ్లూ పెళ్లి ఊరేగింపులా నడిచాయి. నా టెంట్ ఆ వానలోనే పని తేల్చేసింది. రాత్రి అందులో పడుకునే ఆశ వదులుకుని, గొడుగు, రేడియో, ఒక నోటు పుస్తకం పట్టుకుని ట్రాక్ వెంట తిరిగాను. నోటు పుస్తకం ఎందుకని నవ్వకు. నువ్వు మెస్ లెక్కలు రాసిన పద్ధతిలోనే అయిదో నంబరు ఏ రౌండులో పిట్‌లోకి, అంటే పెట్రోలుకూ టైర్లకూ ఆగే చోటికి, వచ్చింది, ఎన్ని రౌండ్లు తిరిగి వచ్చింది అని గీతలు గీసి రాశాను.

ఆ లెక్కలోనే ఒక రహస్యం తేలింది. ట్యాంకు నింపిన ప్రతిసారీ మాకు గట్టి పోటీ అయిన పోర్షే జట్టు పదమూడు రౌండ్లకే పిట్‌లోకి వస్తుంటే టొయోటా పద్నాలుగు లాగుతోంది. రౌండు అంటే 13.629 కిలోమీటర్లు. ఒక్క రౌండే కదా అనిపిస్తుంది, కానీ పగలూ రాత్రీ కలిపితే అది ఒకటి రెండు పిట్ స్టాప్‌ల మిగులు, అంటే నిమిషానికి పైగా లాభం. లీటరుకు ఎంత ఇస్తుంది అన్న ప్రశ్న తప్ప బండి గురించి నువ్వు ఇంకేమీ అడగవని నిన్ను ఎగతాళి చేసేవాణ్ణి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. లే మాన్స్ నీలాంటివాళ్ల కోసం పెట్టిన పందెం.

పొద్దు పది దాటాక గాని గుంకలేదు. బస్సెక్కి ఆర్నాజ్ మలుపుకు వెళ్లాను. అక్కడ చీకట్లో నిలబడితే బండి ముందు కనబడదు. మొదట చెట్ల మీద తెల్లని వెలుగు పాకుతుంది, తర్వాత చక్రాల లోపల బ్రేకు పళ్లాలు కొలిమిలో కాల్చిన కొడవలిలా ఎర్రగా మెరుస్తాయి, ఆ తర్వాతే బండి. కార్వెట్ వస్తే నేల అదురుతుంది. టొయోటా మాత్రం ఈల వేసుకుంటూ పోతుంది, మన వార్డెన్‌గారు వస్తున్నప్పుడు నువ్వు వేసే ఈలలాగే. రెండు చేతులూ రెండు కాళ్లూ పోగొట్టుకున్న ఫ్రెడెరిక్ సోసే అనే ఫ్రెంచి ఆయన ప్రత్యేకంగా అమర్చిన బండిలో అదే చీకటిలో, అదే రోడ్డు మీద పందెంలో ఉన్నాడు, చివరిదాకా పూర్తి చేశాడు కూడా. ఆయన గురించి విడిగా ఒక ఉత్తరం రాయాలి, ఇప్పుడు కాదు.

రాత్రి తెల్లవార్లూ రెండు టొయోటాలూ, రెండో నంబరు పోర్షే ఒకదాన్నొకటి వదల్లేదు. పోర్షే మొదటి నంబరు బండి నీటి పంపు పాడై వెనకబడింది, ఆడీ జట్టు బళ్లు రిపేర్లతో కుంటుతూ నడిచాయి. ఆదివారం పొద్దెక్కాక కోబయాషి ఒకచోట అదుపు తప్పి కంకరలోకి వెళ్లాడు. అక్కడితో నా అయిదు ముందుకొచ్చింది.

చివరి రెండు గంటలూ పిట్‌లకు ఎదురుగా ఉన్న గ్యాలరీలో కూర్చున్నాను. నా పక్కన డెబ్బై ఏళ్లు దాటిన జపాన్ ఆయన, ఆయన భార్య. మా ముగ్గురికీ ఒక భాష లేదు. ఆవిడ నాకు నల్లని ఆకులో చుట్టిన అన్నం ముద్ద పెట్టింది, నేను ఆవిడకు సుజాత చేసిన చేగోడీలు ఇచ్చాను. ఆయన ఒళ్లో చిన్న గుడ్డ జెండా, దాని కర్ర వెదురుది, కొనకు దారం చుట్టి ఉంది. ప్రతి రౌండుకూ నకాజిమా మా ముందు నుంచి పోగానే ఆయన వేళ్లతో మిగిలిన నిమిషాలు చూపించేవాడు. చివర్లో పోర్షే టైరులో గాలి తగ్గి పిట్‌లోకి వచ్చింది, తేడా ఇంకా పెరిగింది. గ్యాలరీలో జనం లేచి నిలబడ్డారు. నేను నీకు మెసేజ్ పెడదామని ఫోను తీశాను. "ఒరేయ్ ప్రసాదూ, ఈసారి" అన్నంత వరకు రాశాను. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోనులో అలాగే ఉంది.

ఇంకో ఆరు నిమిషాలు ఉందనగా రేడియోలో నకాజిమా గొంతు వినిపించింది, పవర్ లేదు, పవర్ లేదు అని. నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికి ఇష్టపడలేదు అనడం నిజం. పెద్ద తెరమీద ఆ బండి లారీలా నిదానంగా వస్తోంది, మిగతావి దాన్ని తప్పుకుని దూసుకుపోతున్నాయి. మలుపు తిరిగి మా ఎదురుగా వచ్చింది. ముగింపు గీత దాటింది, ఇంకో రౌండు మిగిలే ఉంది. దాటి, తన జట్టు పిట్ గోడ పక్కన, నాకు నలభై అడుగుల దూరంలో ఆగిపోయింది.

గడియారంలో ఇంకా మూడు నిమిషాలకు పైగా ఉంది.

లక్షల మంది ఉన్న చోట అంత నిశ్శబ్దం ఎలా సాధ్యమో నాకు తెలియదు. నీల్ జానీ నడుపుతున్న పోర్షే ఆ ఆగిన బండి పక్కనుంచి వెళ్లిపోయింది. జెండా పట్టుకున్న పెద్దాయన వేళ్లు ఇంకా గాలిలోనే ఉన్నాయి, మూడు చూపిస్తూ. తర్వాత ఆయన కూర్చుని, జెండాను కర్రకు చాలా జాగ్రత్తగా చుట్టి, దారం విప్పి మళ్లీ కట్టాడు. ఆవిడ ఆయన వీపు నిమురుతోంది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. గ్యారేజీలో మెకానిక్‌లు ఏడుస్తుంటే తెరమీద చూపిస్తున్నారు, నాకు ఆ కెమెరావాడి మీద కోపం వచ్చింది. పోర్షే వాళ్ల ముఖాల్లోనూ గెలిచిన కళ లేదు, పండగ చేసుకోవాలో వద్దో తెలియనట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

అంతటితోనైనా అయిపోయిందా అంటే, లేదు. బండి మళ్లీ కదిలింది, పాక్కుంటూ ఆఖరి రౌండు పూర్తి చేసింది. దానికి పట్టిన సమయం 11 నిమిషాల 53 సెకన్లు. చివరి రౌండు ఆరు నిమిషాల్లోపు పూర్తి చేయాలన్నది నిబంధన. కనుక 384 రౌండ్లు, అంటే 5,200 కిలోమీటర్లకు పైగా, బెజవాడ నుంచి ఢిల్లీకి ఇంచుమించు మూడుసార్లు వెళ్లినంత దూరం పోర్షేతో సమానంగా తిరిగిన బండికి ఫలితాల పట్టికలో స్థానమే లేదు. రెండో స్థానం మూడు రౌండ్లు వెనకబడిన ఆరో నంబరుకు ఇచ్చారు. టొయోటాకు ఇది అయిదో రెండో స్థానం. నిబంధన నిబంధనే, కాదనను, అది ఎందుకు పెట్టారో కూడా నాకు తెలుసు. అయినా ఆ పట్టిక చూసినప్పుడల్లా మన మూడో సంవత్సరం అటెండెన్సు రిజిస్టరే గుర్తొస్తోంది, ఇంకేమీ అనను.

అసలు కారణం ఈ వారం మధ్యలో ప్రకటించారు. ఇది చదివే ముందు కూర్చో. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అంటే గాలిని చల్లబరిచే భాగానికి, గాలి వెళ్లే గొట్టం ఉంటుంది కదా, దాని దగ్గర ఒక కనెక్టరు చెడింది. దాంతో టర్బో మీద అదుపు పోయి ఇంజను శక్తి పడిపోయింది. సెట్టింగులు మార్చి శక్తిని తిరిగి రప్పించారు గాని అప్పటికే ఆలస్యమైంది. అంతే. గొట్టం, ప్రసాద్, గొట్టం! సామర్లకోట గేటు, థర్మోడైనమిక్స్ పరీక్ష, పన్నెండు రూపాయల గొట్టం. ఆ రోజు నువ్వు ఆగిపోయిన లూనా పక్కన రోడ్డు మీద కూర్చుని ఏమన్నావో నేను ఇక్కడ రాయలేను, సుజాత కూడా చదువుతుంది. ఆ మాటే నేను ట్రామ్‌లో ఆ ప్రకటన చదువుతూ పైకి అనేశాను, ఎదుటి సీటు ముసలమ్మ తెలుగు రాకపోయినా అర్థం చేసుకుంది.

ఆ మర్నాడు ఆఫీసుకు వెళ్తూ మార్స్‌డోర్ఫ్ దగ్గర కిటికీలోంచి చూశాను. గేటు మామూలుగానే ఉంది, ఎవరో సైకిలు మీద లోపలికి పోతున్నారు. వీళ్లు మళ్లీ రేపటి నుంచి ఆ గొట్టం బల్ల మీద పెట్టుకుని కూర్చుంటారు కదా అనిపించింది. నాకైతే ఒక సంగతి అంతు పట్టడం లేదు: గెలిచి ఉంటే నేను ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణా? నాలుగు లైన్ల మెసేజ్ పెట్టి ఊరుకునేవాణ్ణేమో. అలాగని ఓడిపోవడమే మంచిదని కాదు, నువ్వు మళ్లీ వేదాంతం మొదలుపెట్టకు, నేను చెప్పేది ఏమిటంటే

కాలింగ్ బెల్ మోగింది. రేపు హైదరాబాదు విమానం ఎక్కుతున్న మిత్రుడు వచ్చేశాడు, ఈ ఉత్తరమూ, మీ పిల్లలకు చాక్లెట్లూ ఆయనకే ఇస్తున్నాను. కింద కారు ఇంజను ఆపకుండా నిలబెట్టాడట. వచ్చే ఏడు జూన్‌కు పాస్‌పోర్టు తయారుగా పెట్టుకో, టెంట్ కొత్తది కొంటాను. ఆ జపాన్ ఆయన వెళ్లేటప్పుడు నాకు ఇచ్చిన వస్తువు గురించి రాయనే లేదు, అది వచ్చే ఉత్తరంలో

నీ
సూరి