ఇద్దరి పేర్లూ రాశారు, సొమ్ము ఎవరికెంతో రాయలేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను తణుకులో 30 ఏళ్లుగా హార్డ్‌వేర్ కొట్టు నడుపుతున్నాను. నాకు 58, మా ఆవిడకి 54. కిందటేడు మా అమ్మాయి రెండో కాన్పుకి ఇద్దరం అమెరికా వెళ్లాం. వాళ్లు డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు. మా గోదావరి జిల్లాల నుంచి ఇదే పని మీద జంటగా విమానం ఎక్కే అమ్మానాన్నలు చాలామంది. వాళ్లు చదువుతారనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

యూరప్ షెంజెన్ వీసాకైతే మనిషికి కనీసం 30 వేల యూరోల ఇన్సూరెన్స్ చూపించాలి. అమెరికా విజిటర్ వీసాకి అలాంటి నిబంధన లేదు. అడిగేవాళ్లు లేరు కాబట్టి కొందరు అసలు తీసుకోరు, తీసుకునేవాళ్లు చివరి వారంలో హడావుడిగా తీసుకుంటారు. మేమూ అంతే. టికెట్లు తీసిన ఆఫీసులోనే, ఇద్దరి పేర్ల మీద కలిపి 120 రోజులకు ఒకే పాలసీ తీసుకున్నాం. పైన పెద్ద అక్షరాలతో 50 వేల డాలర్లని ఉంది, కింద మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. చెరో 50 వేలు అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. విడివిడిగా తీసుకుంటే ఆరు వేల రూపాయల పైచిలుకు ఎక్కువవుతుందని, ‘కలిపి తీసుకుంటే మీకే లాభం బాబాయ్’ అని అక్కడి అబ్బాయి చెప్పాడు. ఎందుకు తక్కువో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ రోజు ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టాను. మా ఆవిడ షుగరు, నా గుండెకు వేసిన స్టెంటు ఫారంలో రాయమన్నాను. ‘అవి రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వదిలేయండి’ అన్నాడు. రాయించాను.

వెళ్లిన 46వ రోజు రాత్రి మా ఆవిడకి కడుపునొప్పి మొదలైంది. అన్నం అరగలేదనుకుని వాము నీళ్లు ఇచ్చాం. తెల్లవారుజాముకి మెలికలు తిరిగిపోతుంటే అల్లుడు ఎమర్జెన్సీకి తీసుకెళ్లాడు. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదంటే మా ఆవిడ పుస్తెలతాడు తీసి అమ్మాయి చేతిలో పెట్టింది. పెళ్లయిన 32 ఏళ్లలో ఆ మెడ బోసిగా నేను చూడడం అదే మొదటిసారి. సరిగ్గా అప్పుడే చక్రాల బల్ల మీద కంప్యూటర్ తోసుకుంటూ ఒకావిడ మంచం దగ్గరికొచ్చి ఇన్సూరెన్స్ కాగితం అడిగింది. అమ్మాయి పాలసీ మీదున్న నంబరుకి వెంటనే ఫోన్ చేసింది. ఆ ఫోన్ చెయ్యకపోతే క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టడం, ఉండేది కాదట.

రెండో రోజు కంపెనీవాళ్లు ఇండియాలో చూపించుకున్న పాత చీటీలన్నీ పంపమన్నారు. షుగర్ ఎప్పటినుంచి, ఏ మందులు వాడుతున్నారని గుచ్చి గుచ్చి అడిగారు. ఫారంలో అన్నీ రాయించాం కాబట్టి వేలెత్తి చూపడానికి వాళ్లకి ఏమీ దొరకలేదు. 34 వేల డాలర్లు కట్టారు, మిగిలింది అల్లుడు కట్టాడు. ఆ మేరకు కంపెనీ మాట నిలబెట్టుకుంది.

డిశ్చార్జి అయ్యాక అమ్మాయి పాలసీ మొత్తం కూర్చుని చదివింది. పదకొండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది: పాలసీలో ఉన్నవాళ్లందరికీ కలిపి గరిష్ఠంగా ఇవ్వగల మొత్తం 50 వేలేనని. అంటే ఇంకా రెండు నెలలకు పైగా, మా ఇద్దరికీ కలిపి మిగిలింది 16 వేలు. అందులోనూ స్టెంటు లాంటి పాత జబ్బుకైతే ప్రాణం మీదికొస్తేనే ఇస్తారట. ఇండియా కంపెనీ నుంచి ఇంకో పాలసీ తీసుకుందామంటే బయల్దేరే ముందే కొనాలన్నారు. ఆ మిగిలిన రోజులన్నీ నేను మనవణ్ణి ఎత్తుకుని మెట్లెక్కలేదు. ఛాతీలో గ్యాస్ పట్టినా టెన్షనే. నా మొహం చూసి అమ్మాయికి ఇంకా టెన్షన్. పచ్చి బాలింత, నిద్రపోవాల్సిన టైములో ఇన్సూరెన్స్ కాగితాలు తిరగేస్తూ కూర్చుంది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కలిపి తీసుకోవడం తప్పని నేననను. వారం రోజులు సింగపూర్ చూసొచ్చే కుర్ర జంటకి అది చాలేమో. నాలుగు నెలలు అమెరికాలో ఉండే మాలాంటివాళ్ల సంగతి వేరు. ఏది తీసుకుంటున్నామో ముందే తెలియాలి కదా! ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మన హైదరాబాద్‌లోనే ఉంది. ఆరోగ్య పాలసీలకు ముఖ్యమైన వివరాల పత్రం ఇవ్వాలని, అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలని 2024 జనవరి నుంచి ఆ సంస్థే అమలు చేసింది. జంటగా తీసుకునే ప్రయాణ పాలసీల మొదటి పేజీలో కూడా, అడగకపోయినా, పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక్క వాక్యం ఆ సంస్థ వేయించాలి: ‘ఈ మొత్తం ఒక్కొక్కరికి’ అనో, ‘అందరికీ కలిపి’ అనో. నేను కోరేది ఇంతే.

ఇంకో మాట. మా పాలసీలో నామినీగా నా పేరు మీద మా ఆవిణ్ణి, ఆవిడ పేరు మీద నన్ను రాశారు. ఇద్దరం ఒకే విమానంలో వెళ్తున్నాం, జరగరానిది జరిగితే ఆ కాగితం ఎవరికి పనికొస్తుంది? రైలు టికెట్ ఆన్‌లైన్‌లో తీసినప్పుడు మనిషికి 45 పైసలకే 10 లక్షల ప్రమాద బీమా ఇస్తారు. అక్కడా నామినీ పేరు నింపమని విడిగా లింకు వస్తుంది. భార్యాభర్తలు కలిసి వెళ్లేటప్పుడు నామినీగా ఇంటి దగ్గర ఉండే మనిషి పేరు రాయండి.

మా వీధిలోనే ఇంకో దంపతులు దసరా వెళ్లాక న్యూజెర్సీ వెళ్తున్నారు. మొన్న వాళ్ల పాలసీ తెచ్చి కొట్టులో నా ముందు పెట్టారు. కంపెనీ వేరు, వాక్యం మాత్రం అదే, ఈసారి తొమ్మిదో పేజీలో. ప్రయాణానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. అది రద్దు చేయించుకుని ఇద్దరికీ విడివిడిగా తీసుకోమన్నాను, సోమవారం వెళ్లి అడుగుతామన్నారు.

ఇట్లు,
ఒక హార్డ్‌వేర్ వ్యాపారి,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా.