మణికట్టు పట్టీ తీయకు చిన్నీ

హైదరాబాద్
శుక్రవారం రాత్రి

చిన్నీ,

కోచ్ సార్ నిన్ను టెన్నిస్‌లో డబుల్స్ ఆడమన్నారని చెప్తూ నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట నా చెవుల్లోనే తిరుగుతోంది. "సింగిల్స్ చేతకానివాళ్ళేగా అమ్మా డబుల్స్ ఆడేది" అన్నావు. అప్పుడు నాకు నోట మాట రాలేదు. అందుకే రాస్తున్నా.

2005 ఫిబ్రవరిలో నేను కోఠి విమెన్స్ కాలేజీలో డిగ్రీ చదువుతున్నా. ఎల్.బి. స్టేడియంలో హైదరాబాద్ ఓపెన్ టెన్నిస్ ఫైనల్ ఉందంటే స్నేహితురాలి వెంట వెళ్ళా. పాయింట్లు లెక్కపెట్టేటప్పుడు పదిహేను, ముప్పై తర్వాత నలభై ఎందుకంటారో కూడా తెలియదు నాకు. సానియా మీర్జాకి అప్పుడు 18 ఏళ్ళు, నాకన్నా చిన్నది. ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొండారెంకో మీద మొదటి సెట్ 6-4తో గెలిచి, రెండోది 5-7తో పోగొట్టుకుంది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంటోంది. సానియా ఫోర్‌హ్యాండ్ కొడితే ఆ శబ్దమే వేరు. మూడో సెట్ 6-3. మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ టూర్ డబ్ల్యూటీఏలో సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ మన ఊళ్ళోనే, నా కళ్ళ ముందే గెలిచింది. ఏడ్చేశా. ఆడపిల్ల పుడితే చేతికి రాకెట్ ఇవ్వాలని ఆ రోజే అనుకున్నా. నీకెప్పుడూ చెప్పలేదు.

2007లో సానియా సింగిల్స్ ప్రపంచ ర్యాంకు 27. ఆ మరుసటి ఏడాదే మణికట్టుకి ఆపరేషన్. బీజింగ్ ఒలింపిక్స్ సింగిల్స్ మొదటి రౌండ్‌లోనే మ్యాచ్ మధ్యలో తప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో తల దువ్వుకోవడానికీ చెయ్యి సహకరించలేదని, కొన్ని నెలలు డిప్రెషన్‌లో ఉన్నానని తర్వాత తనే చెప్పింది. మోకాళ్ళకీ ఆపరేషన్లయ్యాయి. 2013లో సింగిల్స్ ఆపేసింది. అప్పటికి తనకి ఇంకా 26 ఏళ్ళే.

ఆ తర్వాత ఏం జరిగిందో నీకూ తెలుసు. అయినా వింబుల్డన్ సంగతి మళ్ళీ చెప్పనీ. 2015 డబుల్స్ ఫైనల్లో సానియా, స్విట్జర్లాండ్ ఆవిడ మార్టినా హింగిస్ ఒకవైపు, రష్యా జోడీ మకరోవా, వెస్నినా ఒకవైపు. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. నువ్వప్పుడు నా ఒళ్ళో నిద్రపోతున్నావు, టీవీ కట్టేద్దామని రిమోట్ తీసుకున్నా కూడా. అక్కడి నుంచి 5-5 చేశారు. చీకటి పడిందని పైకప్పు మూసి లైట్లు వేశాక 7-5తో గెలిచారు. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్. వరసగా 41 మ్యాచ్‌లు ఓటమి లేదు. డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. సింగిల్స్ చేతకాక ఆడిన ఆటా అది?

డబుల్స్‌లో కోర్టు రెండు వైపులా నాలుగున్నర అడుగుల చొప్పున పెరుగుతుంది. నెట్ దగ్గర నిలబడితే ఆలోచించే టైమే ఉండదు. పక్కన ఉన్న అమ్మాయి ఎటు కదులుతుందో చూడకుండానే తెలియాలి. బంతి నేలని తాకకముందే నువ్వు కొట్టే వాలీ చూసి కోచ్ సార్ డబుల్స్ అన్నారే గానీ జాలిపడి కాదు.

ఇంకో మాట చెప్పాలి. పోయిన ఏడాది క్వార్టర్ ఫైనల్లో నువ్వు సైడ్ మారేటప్పుడల్లా మణికట్టు పట్టుకోవడం నేను చూశా. "ఒక్క సెట్టే కదమ్మా, ఆడెయ్" అన్నా. అప్పుడే ఆపించాల్సింది. అది నా తప్పు. దాన్ని నీ చేతగానితనంగా నువ్వు మోయొద్దు తల్లీ.

2023 మార్చి 5న నిన్ను అదే ఎల్.బి. స్టేడియానికి తీసుకెళ్ళా, గుర్తుందా? సానియా వీడ్కోలు మ్యాచ్. పక్కన మన డబుల్స్ ఆటగాడు రోహన్ బోపన్న. నువ్వు రెయిలింగ్ మీదికి వంగి అరుస్తుంటే నేను నీ చున్నీ పట్టుకుని నిలబడ్డా. ఆ రోజు వాళ్ళు ఆడింది డబుల్సే. నువ్వు గమనించనే లేదు.

వచ్చే శుక్రవారం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌కి పుణె వస్తున్నా. నాన్నమ్మ సకినాలు చేస్తోంది, గోంగూర పచ్చడి నేను పెట్టా. ఫిజియో దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం. అప్పటిదాకా పట్టీ తీయకు, రాకెట్ ముట్టకు. ప్రాక్టీస్‌కి మాత్రం వెళ్ళు. కోర్టు పక్కన కూర్చుని డబుల్స్ ఆడేవాళ్ళ కాళ్ళు చూస్తూ ఉండు.

అమ్మ