మా జీడి చదువు మధ్యలో ఆపేసిన కంపెనీ వారికి

విశాఖపట్నం,
24 ఆగస్టు 2025, ఆదివారం.

కుక్కల శిక్షణ కంపెనీ యాజమాన్యానికి,

విషయం: ఏడు వారాలుగా మీరు ఇవ్వని జవాబు.

అయ్యా,

ఈ ఉత్తరం కాగితం మీద రాసి, అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. మీ దగ్గర్నుంచి వచ్చే ప్రతి మెయిల్ కిందా ‘దయచేసి దీనికి జవాబు ఇవ్వకండి’ అని ఉంటుంది. పోస్టుమాన్‌కి ఆ నియమం లేదు కాబట్టి ఆయన్నే నమ్ముకున్నాను.

ముందే చెప్తున్నాను, నా ఫిర్యాదు మీ ట్రైనర్ మీద కాదు. ఆ అబ్బాయి బంగారం. ఈ ఉత్తరం చూసి అతని మీద పడ్డారంటే మాత్రం నేను ఊరుకోను.

జీడి మా లాబ్రడార్. 14 నెలలు, 31 కిలోలు. వేయించిన పలాస జీడిపప్పు రంగులో ఉందని మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. గుణం కూడా జీడేనని తర్వాత తెలిసింది. పాలబ్బాయి వచ్చినా, గ్యాస్ బండ తెచ్చినతను వచ్చినా, రెండు ముందు కాళ్ళూ ఎత్తి భుజాల మీద వేసి, మొహమంతా నాకితే గానీ వదలదు. కరవడం తెలీదు. మొరగడం కూడా తక్కువే. ఎవరిని చూసినా ప్రేమ పొంగిపోతుంది, అదే దాని జబ్బు. కానీ మా అత్తగారికి 86 ఏళ్ళు. తుంటి ఎముకకి ఆపరేషన్ అయ్యింది, వాకర్ పట్టుకుని నడుస్తారు. 31 కిలోల ప్రేమని ఆవిడ తట్టుకోలేరు. అందుకు చేర్చాం మీ క్లాసుల్లో. షోకి కాదు, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోడానికీ కాదు.

12 ఆదివారాలు, 14,400 రూపాయలు. జూన్ 8న మొదలైంది. మొదటి క్లాసులోనే కూర్చోబెట్టడం నేర్పాడు ఆ అబ్బాయి. ముక్కు దగ్గర ముక్క చూపించి, తల మీదుగా నెమ్మదిగా వెనక్కి జరపడం. తల పైకి లేచేకొద్దీ వెనక భాగం తనంతట తనే కిందికి దిగుతుంది. దిగిన క్షణంలో ‘ఎస్’ అని ముక్క నోట్లో పెట్టాలి, ఆలస్యమైతే ఎందుకిచ్చామో దానికి అర్థం కాదు. మా ఇంట్లో మాంసం వండం. పక్కింటావిడ ప్రతి శనివారం రాత్రి చికెన్ లివర్ ఉడకబెట్టి, సెనగగింజంత ముక్కలు చేసి, స్టీలు డబ్బాలో పెట్టి గోడ మీంచి అందించేది. ఆ డబ్బా మూత చప్పుడైతే చాలు, జీడి బెల్టు నోట కరుచుకుని గేటు దగ్గర తయారు. గొలుసు లాగితే మనం అక్కడే చెట్టులా నిలబడిపోవాలి. మీద పడబోతే వీపు తిప్పెయ్యాలి, తిట్టకూడదు, తోసెయ్యకూడదు, నాలుగు కాళ్ళూ నేల మీద ఉన్నప్పుడే మాటాడాలి. మూడో వారానికి మా అత్తగారు వీపు తిప్పితే జీడి ఆగి, ఆలోచించి, కూర్చోవడం మొదలుపెట్టింది. ఆవిడ స్వయంగా ముక్క పెట్టారు, చేతికి గ్లౌజు తొడుక్కుని!

నాలుగో క్లాసు, జూన్ 29. కొత్తగా ఒక పగ్గు జాతి కుక్క వచ్చింది. దాన్ని చూసి జీడికి ఆనందం పట్టలేదు. గొలుసు నా చేతిలోంచి జారింది. పగ్గును పలకరించి, మైదానం రెండు చుట్లు చుట్టి, ట్రైనర్ బల్ల మీదున్న డబ్బా పడేసి, అందులోవన్నీ తినేసింది. తిన్నాక ఎవరూ చెప్పకుండానే చక్కగా కూర్చుంది. అందరూ నవ్వారు. ఎవరికీ గీత పడలేదు. “ఈ వయసులో ఇంతే మేడమ్, ఇది పొగరు కాదు, ఉత్సాహం. వచ్చే వారం దూరం నుంచి మొదలెడదాం” అన్నాడు ట్రైనర్.

ఆ వచ్చే వారం ఇంకా రాలేదు.

జూలై 4 రాత్రి 10:40కి మెసేజ్. ‘మీ పెట్‌ను స్పెషల్ బిహేవియర్ బ్యాచ్‌కు మార్చాం. మా టీమ్ త్వరలో సంప్రదిస్తుంది.’ ఎవరు మార్చారు, ఎందుకు, ఎప్పుడు, ఎక్కడ, ఏమీ లేదు. అయినా ఆదివారం వెళ్ళాం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ట్యాబ్‌లో వెతికి పేరు లేదన్నాడు. లోపల మిగతా కుక్కలు వరసగా కూర్చుని ఉన్నాయి. జీడి ఊచల మధ్య ముక్కు పెట్టి, సన్నగా కుయ్ కుయ్ మంటూ, అక్కడికక్కడే కూర్చుంది. నేను చెప్పలేదు. వాటిని చూసి తనూ కూర్చుంది. ట్రైనర్ గేటు దాకా వచ్చి “నా చేతుల్లో లేదు మేడమ్, యాప్‌లో పెట్టండి” అని తల దించుకున్నాడు.

యాప్‌లో పెట్టాను. అక్కడ తోక ఊపే బొమ్మ కుక్క ఒకటి ఉంటుంది కదా, అది పలకరించింది. నేను రాసిన పది వాక్యాలూ చదివి ‘షాంపూ గురించి అడుగుతున్నారా?’ అంది. కాదన్నాను. ‘గ్రూమింగ్ గురించా?’ అంది. కాదన్నాను. ‘మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం’ అని తోక ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

తర్వాత ఫోన్లు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి 2021లో రిటైరయ్యాను. ప్రతిదీ రాసుకోవడం అలవాటు. నోట్‌బుక్కులో లెక్క ఇదీ: 19 ఫోన్లు, 6 టికెట్లు, ఆరూ ‘రిజాల్వ్డ్’. ఫోన్లో ఆగమని మీరు వినిపించే పాటలో ఫ్లూటు మూడోసారి మొదలయ్యాక ఒక మనిషి వస్తారని కూడా రాసి పెట్టుకున్నాను.

మొదటి అమ్మాయికి తెలుగు రాదు, హిందీలోనే. విన్నంతసేపు విని, “మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం” అని కాగితం చూసి చదివి పెట్టేసింది. రెండో అతను వ్యాక్సిన్ కార్డు పంపమన్నాడు. రేబీస్‌ది, మిగతావీ, మా నగరపాలక సంస్థ జీవీఎంసీ ఇచ్చిన లైసెన్సుతో సహా జూన్‌లోనే ఇచ్చాను. మళ్ళీ పంపాను. మూడో ఆయన మళ్ళీ అడిగాడు. నాలుగో ఆయన సూపర్‌వైజర్ 24 గంటల్లో చేస్తారన్నాడు. 24 గంటలు గడిచాక ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని మెసేజ్. ఆ రోజంతా ఫోను నా కొంగున కట్టుకున్నంత పని చేశాను. స్నానానికి కూడా బకెట్ పక్కనే పెట్టుకున్నాను.

అయిదోసారి అసలు కథ తెలిసింది. వెరిఫికేషన్‌కి పేరు చెప్పమంటే చెప్పాను. “మ్యాచ్ అవట్లేదు” అన్నాడు. ఇంటిపేరుతో చెప్పాను. అవలేదు. “బ్రీడ్ చెప్పండి మేడమ్.” లాబ్రడార్ అన్నాను. “అది మ్యాచ్ అయింది. వయసు?” 14 నెలలు అన్నాను. “సారీ మేడమ్, ఇక్కడ 64 దగ్గర దగ్గర ఉంది.” అప్పుడు వెలిగింది నాకు. మీ రికార్డులో కస్టమర్ పేరు జీడి. కుక్క పేరు నాది. పుట్టిన తేదీ కూడా నాదే. అందుకే మీ వాళ్ళు ఇన్నాళ్ళూ ‘పెట్ పేరెంట్’ని కాక పెట్‌ని కలుసుకుంటున్నారు! మార్చమన్నాను. దానికి వేరే టికెట్ పెట్టాలట. పెట్టాను. అదే ఆరో టికెట్. అది కూడా పరిష్కారమైపోయింది, నేనింకా లాబ్రడార్‌నే.

ఇక జూలై 23న మీ సెంటర్‌కే వచ్చాను, ఆటోలో, జీడితో. రిసెప్షన్‌లో కుర్రాడు “ఫిర్యాదులు ఇక్కడ తీసుకోం మేడమ్, హెల్ప్‌లైన్‌కి చెయ్యండి” అన్నాడు. అక్కడే నిలబడి చేశాను. ఫ్లూటు మూడుసార్లు వచ్చింది. అవతల అమ్మాయి అంతా విని “మీ దగ్గర్లోని సెంటర్‌ని సంప్రదించండి” అంది. సెంటర్లోనే ఉన్నానమ్మా అన్నాను. “అయితే అక్కడున్నవాళ్ళకి చెప్పండి.” ఫోను ఆ కుర్రాడి చేతికిచ్చాను. ఇద్దరూ ఒకే కంపెనీ, ఒకరినొకరు ‘సర్’, ‘మేడమ్’ అనుకున్నారు. ఒక నిమిషం తర్వాత కుర్రాడు ఫోను తిరిగిచ్చి, “కట్ అయిపోయింది మేడమ్” అన్నాడు. ఈ లోపల జీడి వాడి చెప్పు తెచ్చి నా ముందు పెట్టి కూర్చుంది. ఆ గదిలో చెప్పిన పని చేసే ప్రాణి అదొక్కటే కనిపించింది నాకు.

జూలై 29న మెయిల్ వచ్చింది, బంగారు రంగు అంచుతో. అభినందనలట. బేసిక్ ఒబీడియెన్స్ కోర్సు విజయవంతంగా పూర్తిచేసిందట. సర్టిఫికెట్ మీద పేరు నాదే! 12 క్లాసుల్లో నాలుగు జరిగాయి. ‘స్టే’ అంటే మూడు సెకన్లు, అదీ నేను రెప్ప వెయ్యకపోతేనే. ‘కమ్’ ఇంకా మొదలుపెట్టనే లేదు. నేను ముప్పై ఏళ్ళు టీచరుగా చేశాను. తప్పినవాణ్ణి పాస్ చెయ్యమని ఎందరో అడిగారు, చెయ్యలేదు. బడికే రానివ్వకుండా పాస్ చేయించడం మాత్రం మీ దగ్గరే చూశాను. కింద ‘మా సేవకు ఎన్ని స్టార్లు?’ అని కూడా ఉంది. ఒకటి ఇచ్చాను. ‘సారీ, మేమెక్కడ తప్పు చేశాం?’ అని వచ్చింది. రాశాను. ఆ బొమ్మ కుక్కే మళ్ళీ వచ్చింది. షాంపూ గురించా అంది.

మీకు తెలీదేమో గానీ, నేను కొత్త కస్టమర్ని కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ముందటి కుక్క, నల్లోడు, రెండు రోజులు మంచం కిందే ఉండిపోయాడు. తర్వాత గాలి గట్టిగా వీస్తే చాలు, ఉచ్చ పోసుకునేవాడు. అప్పటికి మీకు యాప్ లేదు, ఆఫీసు లేదు. మీ కంపెనీ మొదలుపెట్టిన సారే పాత స్కూటర్ వేసుకుని మా ఇంటికి వచ్చేవారు. మా వసారాలో నేల మీద కూర్చుని, సెల్‌ఫోన్లో గాలి శబ్దం చాలా చిన్నగా పెట్టి, నల్లోడికి బిస్కెట్ ముక్కలు తినిపిస్తూ, రోజుకి కాస్త కాస్త సౌండు పెంచేవారు. నెలన్నర పట్టింది. డబ్బులివ్వబోతే సగమే తీసుకున్నారు. తర్వాత బీచ్ రోడ్డులో పొద్దున్నే బళ్ళు ఆపేసే వేళ క్లాసులు పెడితే, మా వీధి నుంచి నాలుగు కుక్కల్ని నేనే పంపించాను. మీ మొదటి కరపత్రం మా స్కూలు నోటీసు బోర్డు పక్కన అంటించి, హెడ్మాస్టరు చేత చీవాట్లు తిన్నది కూడా నేనే. ఆ సార్ నంబరు ఇప్పుడు ‘ఈ సౌకర్యం లేదు’ అంటోంది. హెడ్డాఫీసు బెంగుళూరుకి పోయిందట. పోతే పోయింది. ఎదగాలి, సంతోషమే. కానీ ఎవరో ఒకరు ఆయనకి ఈ ఉత్తరం చూపించండి. నల్లోడి ఇల్లు అని చెప్పండి, చాలు.

మీ ట్రైనర్ ఒక మాట చెప్పాడు. “ఊరికే పదిసార్లు పేరు పిలిచి ఏమీ ఇవ్వకపోతే, ఆ పేరు దానికి ఫ్యాను చప్పుడైపోతుంది మేడమ్.” మీ ఆరు టికెట్ నంబర్లూ నాకిప్పుడు అంతే.

పోయిన గురువారం జీడి మళ్ళీ అత్తగారి మీదికి ఎగిరింది. వాకర్ పక్కకి ఒరిగింది. మావారు పక్కనే ఉండి పట్టుకోబట్టి సరిపోయింది. ఆవిడ గ్లౌజు తీసి అలమరలో పెట్టేశారు. “బడి మానిపించాక ఇంకెందుకే” అన్నారు.

ఎనిమిది క్లాసులకి 9,600 రూపాయలు. అవి ఇమ్మని అడగడం లేదు, ఇస్తే వద్దనను. మీరిచ్చిన 500 పాయింట్ల షాంపూ కూపన్ మాత్రం ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను. ఆ ఆదివారం బ్యాచ్‌లోనే, ఆ ట్రైనర్ దగ్గరే, జీడిని కూర్చోబెట్టండి. లేదా ఎందుకు కూర్చోబెట్టరో తెలుగు వచ్చిన మనిషి ఒకరు ఫోన్ చేసి చెప్పండి. డబ్బా పడేసినందుకా? ఆ డబ్బా ఖరీదు ఎంతో చెప్పండి, కడతాను. పగ్గు వాళ్ళు ఏమైనా అన్నారా? నేనే వెళ్ళి మాటాడతాను. ఏదో ఒకటి చెప్పండి.

చెప్పకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం నా దగ్గరుంది, తెలుగులో అచ్చు వేసిన పుస్తకమే. ఆన్‌లైన్‌లో అమ్మే సేవకి ఫిర్యాదు వస్తే 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు తేల్చాలి అని 2020 రూల్స్‌లో ఉంది. అందినట్టు చెప్పడానికి మీకు 48 సెకన్లు కూడా పట్టలేదు, అది ఒప్పుకుంటాను. రెండోదానికి మాత్రం గడువు దాటింది. మొదట వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కొనేటప్పుడు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు కూడా అక్కర్లేదు. ఇప్పుడు నేనుండే ఊళ్ళోనే కేసు వెయ్యొచ్చు కాబట్టి, బెంగుళూరు నుంచి మీరే రావాలి. నేను రిటైరైనదాన్ని. వాయిదాలు ఎన్నైనా తిరగగలను. జీడిని కూడా తీసుకొస్తాను, సాక్షిగా. సర్టిఫికెట్ ఉన్న కుక్క కదా, కోర్టులో కుదురుగా కూర్చుంటుందో లేదో వాళ్ళే చూస్తారు.

మీ షెడ్యూలు ప్రకారం ఇవాళ పన్నెండో క్లాసు, పరీక్ష రోజు. పొద్దున్న అయిదున్నరకే జీడి బెల్టు నోట పెట్టుకుని గేటు దగ్గర కూర్చుంది. ఎండ ఎక్కేదాకా అలాగే ఉంది.

ఇట్లు,
మీ రికార్డుల ప్రకారం లాబ్రడార్.

తా.క.: కవరు అంటించబోతుంటే మీ నుంచి మెసేజ్ వచ్చింది. ‘డియర్ జీడి, మీ ముద్దుల పెట్‌కు 64వ పుట్టినరోజు శుభాకాంక్షలు! డాగ్ కేక్ మీద 20 శాతం తగ్గింపు.’ తేదీ మాత్రం కరెక్టే. పొద్దున్నుంచి ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. థాంక్స్.