టికెట్టు పెరిగింది, కుర్చీలు తగ్గాయి: ఆదివారం పియానో కచేరీల సంగతి

బెజవాడ లబ్బీపేట హాల్లో నెలనెలా జరిగే ఆదివారం పియానో కచేరీకి వస్తున్న అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి టికెట్టు 250 కాదు, 350. కుర్చీలు 70 నుంచి 45కి తగ్గించాం. సినిమా పాటల్ని గుచ్చి వరసగా వాయించే మెడ్లీ ఇక ఉండదు. ఈ మూడింటి మీదా వాట్సాప్‌లో చాలామంది అడిగారు, కొందరు కోప్పడ్డారు కూడా. అందరికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాం.

ముందు జులై కచేరీ గురించి. ఫ్రెంచి స్వరకర్త డెబ్యుస్సీ ‘క్లేర్ ద లూన్’ మధ్యలో ఒక మెట్టు (కీ) నొక్కితే దిగిపోయి మళ్లీ పైకి లేవలేదు. చివరికొచ్చేసరికి పై స్థాయి అంతా జీర పలికింది. వాయించిన అమ్మాయి తప్పు ఇందులో ఏమీ లేదు, రెండు తప్పులూ మావే.

మెట్టు ఇరుక్కోవడానికి కారణం వానాకాలం తేమ. ప్రతి మెట్టు కిందా చిన్న లోహపు పిన్నులుంటాయి, మెట్టు అటూ ఇటూ కదలకుండా అవి పట్టి ఉంచుతాయి. పిన్ను చుట్టూ ఉన్నిగుడ్డ పొర ఉంటుంది. తేమకి ఆ గుడ్డ ఉబ్బితే పిన్నుని బిగించి పట్టేస్తుంది. ప్రత్యేకమైన పట్టకారుతో ఆ పొరని కొంచెం అదిమితే సరిపోతుంది, మెట్టుకి రెండు నిమిషాల పని. కచేరీకి ముందు 88 మెట్లూ ఒక్కొక్కటిగా, మెల్లగా నొక్కి చూసి ఉంటే దొరికిపోయేది. మేము గట్టిగా వాయించి చూశాం. గట్టిగా కొడితే ఇరుక్కునే మెట్టు కూడా ఎగిరి వచ్చేస్తుంది. మెల్లగా నొక్కినప్పుడే దాని జబ్బు బయటపడుతుంది.

జీరకి కారణం ఏసీ. కరెంటు బిల్లు మిగులుతుందని కచేరీకి గంట ముందు మాత్రమే వేశాం. పియానోలో పై స్వరాలకి ఒక్కోదానికి మూడు తీగలుంటాయి, మూడూ అచ్చంగా ఒకే శ్రుతిలో ఉండాలి. మొత్తం తీగలు 220 పైచిలుకు. సన్నటి ఉక్కు తీగ మీద చల్లగాలి తగిలితే అది కుంచించుకుని బిగుస్తుంది, శ్రుతి పెరుగుతుంది. కింది స్థాయి తీగలు లావు, వాటికి రాగి చుట్టి ఉంటుంది, అవి నెమ్మదిగా చల్లబడతాయి. పైది లేచింది, కిందది అక్కడే ఉండిపోయింది. ఏసీ గాలి నేరుగా తగిలే తీగ ఒకలా, పక్కది ఇంకోలా మారితే ఒక్క స్వరంలోనే మూడు తీగలు పోట్లాడుకుంటాయి. మీరు విన్న జీర అదే.

ఇది ఒక్కరోజు మార్పు. నిదానంగా వచ్చేది ఇంకోటి ఉంది. తీగల వెనక స్ప్రూస్ చెక్కతో చేసిన పెద్ద పలక ఉంటుంది, మన వీణకి పైపలకలాగా. తేమ పీల్చుకుని అది ఉబ్బితే తీగలను బయటికి నెడుతుంది, మధ్య స్థాయి శ్రుతి పెరుగుతుంది. ఆరితే దిగుతుంది. మే నెల వడగాలికి ఒకలా, జులై జిడ్డుకి ఇంకోలా. ఏడాదికి రెండుసార్లు ట్యూనింగ్ చాలని పుస్తకాల్లో రాస్తారు. ఆ మాట రాసినవాళ్లు బెజవాడ ఎండలూ వానలూ చూసి ఉండరు. ఇక నాలుగుసార్లు చేయిస్తాం. ట్యూనర్ చెన్నై నుంచి రావాలి. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో రాత్రికి దిగి, మర్నాడంతా పని చేసి, ఆ మర్నాడు పొద్దున్నే వెళ్తారు. పని కూలీకి తోడు ప్రయాణం, రెండు రాత్రుల బస మన ఖర్చే.

ఇంకా గదిలో తేమ పీల్చే యంత్రం రాత్రీ పగలూ నడుస్తోంది. పియానో పక్కన పెట్టిన తేమ మీటరు ముల్లు 45, 55 శాతం మధ్య ఉండేలా చూస్తున్నాం. ఏసీ శనివారం రాత్రి నుంచే 25 డిగ్రీల మీద ఉంటుంది, గాలి పియానో వైపు కాకుండా ఎదురు గోడ వైపు తిప్పాం. టికెట్టు మీద పెరిగిన 100 వెళ్లేది వీటికే.

లెక్క కూడా చెప్పేస్తాం. 70 కుర్చీలు 250 చొప్పున నిండితే 17,500. 45 కుర్చీలు 350 చొప్పున నిండితే 15,750. అంటే కాగితం మీద మాకు 1,750 నష్టం. కాకపోతే ఆ 70 ఎన్నడూ నిండలేదు, మెడ్లీ పెట్టిన నెలల్లో తప్ప.

కుర్చీలు తగ్గించింది మైకు తీసేయడం కోసం. వేళ్ల బలాన్నిబట్టి శబ్దం తగ్గించడానికీ పెంచడానికీ వీలుగా 1700 ప్రాంతంలో ఫ్లోరెన్సులో క్రిస్టొఫోరి ఈ వాద్యాన్ని చేశాడు. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో ఆ వీలు లేదు. పియానో అసలు పేరు ‘పియానోఫోర్టే’లో ఉన్న రెండు మాటలకీ అర్థం మెల్లగా, గట్టిగా అనే. మైకు పెట్టాక మెల్లగా ఉన్నదాన్ని సౌండాయన పెంచుతాడు, గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తాడు, చివరికి అంతా పెళ్లి ఆర్కెస్ట్రాలా ఒకే మట్టంలో వినిపిస్తుంది. మైకు లేకుండా వినాలంటే దగ్గర కూర్చోవాలి. ఇప్పుడు ఆఖరి వరుస కూడా పియానోకి 6 మీటర్ల లోపే. మాది నిలువు పియానో, శబ్దం వెనక నుంచే ఎక్కువ వస్తుంది, అందుకే గోడకి ఆనించకుండా ముందుకు లాగి పక్కకి తిప్పాం. సీలింగ్ ఫ్యాన్లు కచేరీలో ఆపేస్తాం. వాటి రెక్కలు శబ్దాన్ని తరిగినట్టు వణికిస్తాయి.

మెడ్లీ దగ్గరికొద్దాం. అది పెట్టిన నెల హాలు నిండిందని ఒప్పుకుంటున్నాం. పల్లవి గుర్తుపట్టగానే చప్పట్లు, తర్వాత ఫోన్లు పైకి లేచేవి, మెడ్లీ అయిపోగానే వెనక వరుసలు లేచి వెళ్లిపోయేవి. సినిమా పాటని తక్కువ చేయడం లేదు. దాన్ని వినడానికి బెజవాడలో వంద చోట్లున్నాయి, మైకు లేని పియానో దగ్గర జర్మన్ స్వరకర్త బాక్‌ని వినడానికి మరో చోటు మాకు తెలియదు. 23 ఏళ్ల మా పియానిస్టు పట్టుబట్టిన మాట కూడా ఇదే. లైట్లూ డ్రమ్‌బీటూ కలిపితే శాస్త్రీయ సంగీతం కొత్తదైపోదని ఆమె వాదన. వాటికి బదులు ఆమె కోరినవి మూడు: చిన్న చిన్న రచనలు, ప్రతిదానికీ ముందు నిమిషంన్నర తెలుగులో మాట, చేతులు కనిపించేలా తెర మీద కెమెరా.

ఆ మాటలు ఎలా ఉంటాయంటే, 1722 నాటి బాక్ సి మేజర్ ప్రెల్యూడ్ ముందు ఇంతే చెబుతుంది: ‘‘ఎడమచేతికి రెండు స్వరాలు, కుడిచేతికి మూడు, ఆ మూడే మరోసారి. ఈ అల్లిక 35 బార్లలో, అంటే తాళపు గళ్లలో, చివరి మూడింటి దాకా మారదు. మారిన చోట చెయ్యెత్తండి.’’ పిల్లలు ముందు పట్టేస్తారు. ఫ్రెంచి స్వరకర్త సాటీ 1888 నాటి మొదటి ‘జిమ్నోపెడీ’ అనే రచనకి మూడు లెక్కల నడక చూపిస్తుంది, అంతే. బేతోవెన్ ‘మూన్‌లైట్’ మొదటి భాగానికి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆ పేరు ఆయన పెట్టింది కాదు, పోయాక వచ్చింది. 1801లో రాసినప్పుడు డాంపర్లు (తీగల మోత ఆపే మెత్తలు) ఎత్తి ఉంచి మొత్తం వాయించమన్నాడు. అప్పటి పియానోలో నాదం త్వరగా ఆరిపోయేది కాబట్టి చెల్లింది. ఇప్పటి ఇనుప చట్రం పియానోలో అలా చేస్తే స్వరాలన్నీ ముద్దైపోతాయి. అందుకని ఆమె డాంపర్లని ఎత్తే పెడల్ సగమే నొక్కి, కింది స్వరం మారినప్పుడల్లా కొద్దిగా వదులుతుంది. హాల్లో మనుషులు తగ్గితే ప్రతిధ్వని పెరుగుతుంది, కాబట్టి వచ్చే నెల నుంచి ఇంకా తక్కువ నొక్కాలి.

కెమెరాతో ఒక చిక్కు ఉండేది. వైర్‌లెస్‌లో బొమ్మ ఆలస్యంగా వచ్చేది, చెవికి అందిన స్వరం తెర మీద తర్వాత నొక్కుతున్నట్టుండేది. ఇప్పుడు తీగతో కలిపి, ప్రొజెక్టర్ని గేమ్ మోడ్‌లో పెట్టాం. తేడా దాదాపు పోయింది.

కర్ణాటక సంగీతం కూడా వినిపించమన్నవాళ్లకి: జూన్‌లో తోడి రాగం ప్రయత్నించాం, కుదరలేదు. ముందు వరుసలో పెద్దాయన ‘‘గాంధారం ఏదమ్మా’’ అన్నారు, ఆయన అన్నది న్యాయమే. తోడి గాంధారం ఒకచోట నిలబడదు, మధ్యమం వైపు ఊగుతూ ఉండాలి. పియానోలో ఆ మెట్టు ఉంది, ఆ ఊపు లేదు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దూరం పెట్టిన కారణాల్లో ఇదీ ఒకటి. శంకరాభరణం అంతర గాంధారంతో మరో తంటా ఉంది. తంబురాలో సహజంగా పలికే గాంధారం షడ్జానికి 386 సెంట్ల పైన ఉంటుంది, పియానోలో 400. సెంటు అంటే శ్రుతి కొలత, అర్ధస్వరానికి 100 సెంట్లు. ఆ 14 సెంట్ల తేడా రెండూ కలిపి మోగితేనే చెవిలో గుచ్చుకుంటుంది, అందుకే శ్రుతిపెట్టె తీసేశాం. పియానోకి అతికేవి ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు. పాశ్చాత్య బాణీలకి ఆయన సంస్కృత సాహిత్యం కట్టినవి, గమకాలు, అంటే ఆ ఊపులు, లేనివి. ‘సంతతం పాహిమాం’ బాణీ బ్రిటిష్ జాతీయగీతానిదే. ప్రతి కచేరీలో వీటిలో రెండు ఉంటాయి.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలో చాలామందికి బెరుకు. నచ్చినప్పుడు కొట్టండి. మోజార్ట్ 1778లో పారిస్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో, సింఫనీ నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారని సంబరపడ్డాడు. ‘మూన్‌లైట్’కి మాత్రం ఆమె కాలు పెడల్ మీద నుంచి తీసేదాకా ఆగండి.

ఇంట్లో 61 మెట్ల కీబోర్డుంది, ఇవి వాయించొచ్చా అని అడిగేవాళ్లు ఎక్కువ. బాక్ ప్రెల్యూడ్ పూర్తిగా పడుతుంది, దాని అట్టడుగు స్వరం మీ కీబోర్డు ఎడమ చివరి మెట్టే. ‘మూన్‌లైట్’ పట్టదు, రెండో బారులోనే ఎడమచేయి దాని కిందికి దిగిపోతుంది.

మొదలు 5 గంటలకి, 55 నిమిషాలు, మధ్యలో విరామం లేదు. గుంటూరు నుంచి వచ్చేవాళ్లు తిరుగు ప్రయాణానికి 6 అని లెక్క వేసుకోండి. బెంజి సర్కిల్ దగ్గర ఇరుక్కుని ఆలస్యమైతే ఒక రచన అయ్యాక తలుపు తీస్తాం. 6 ఏళ్ల లోపు పిల్లలకి అదే రోజు పొద్దున 11కి అరగంట కచేరీ వేరే ఉంది, అందులో అల్లరి చేయొచ్చు. జులై టికెట్టు ఉన్నవాళ్లు దాని ఫొటో మన వాట్సాప్ నంబరుకి పంపితే 250 వెనక్కి ఇస్తాం, లేదా అదే టికెట్టు మీద వచ్చే నెల కుర్చీ ఇస్తాం. తేడా 100 అడగం.